వంటషెడ్డు వెనక తోట

సైన్సు టీచరుగా చేరడానికి ఆ బడికి వెళ్ళిన రోజున నాకు మొదట కనిపించిన మనిషి ఆమే. గేటు దగ్గర కూరగాయల బస్తా దించుతున్న వాడితో తగువు పెట్టుకుని ఉంది. చేతిలో ఉన్న వంకాయని రెండుగా విరిచి అతని ముక్కు కిందకి తోసింది.

"చూడు, పురుగు నన్ను పలకరిస్తోంది. దీన్ని పిల్లలకి పెట్టమంటావా? నీ ఇంట్లో పెడతావా?"

"నేను మోసుకొచ్చేవాణ్ణమ్మా. పంపినవాళ్ళని అడుగు."

"పంపినవాళ్ళు నాకు కనపడరుగా. కనపడేవాడివి నువ్వే. అందుకే నిన్ను తిడుతున్నా. ఏమనుకోకు, వెళ్ళేటప్పుడు మంచినీళ్ళు తాగి వెళ్ళు."

బస్తా మాత్రం తిప్పి పంపలేదు. పంపితే ఆ పూటకి కూర ఉండదు. వంటషెడ్డులో పీట వేసుకుని కూర్చుని, పుచ్చులు ఏరేసి, కుళ్ళు కోసేసి, సగానికి సగం చెత్తబుట్టలో పోసి, మిగిలిన దానితో నూట ఎనభై మంది పిల్లలకి వండింది. కూర నీళ్ళలా ఉంది. వడ్డిస్తున్నంతసేపూ ఎవరి కళ్ళలోకీ చూడలేదు.

ఆమెని బడి మొత్తం పెద్దమ్మ అనేది. ఒకటో తరగతిలో ఉన్న ఆమె చెల్లెలి కూతురు అలా పిలిస్తే, విని ఆ తరగతి పిల్లలు అందుకున్నారు. తర్వాత మిగతా తరగతులు. చివరికి ఆమెకన్నా పదేళ్ళు పెద్దవారైన హెడ్మాస్టరు గారు కూడా "పెద్దమ్మా, ఇవాళ ఏం వండావు?" అని అడగడం మొదలుపెట్టారు. "ఇంత వయసొచ్చిన కొడుకు నాకెప్పుడు పుట్టాడో!" అని ఆమె మాలాంటి వాళ్ళ దగ్గర నవ్వేది. నేనూ పెద్దమ్మా అనే పిలిచాను.

కూరగాయలు తరిగేటప్పుడు ఆమెకి మాట్లాడే తోడు కావాలి. నాకు రెండో పీరియడ్ ఖాళీ. ఆ షెడ్డు అరుగు మీద కూర్చుని నేను విన్నది ముక్కలుముక్కలుగానే అయినా, ఆమె బతుకంతా విన్నట్టే.

ఆ బడి చుట్టూ ఉన్న సందుల్లోనే పుట్టింది. తండ్రి పాత బ్యాటరీలు విప్పే షెడ్డులో కూలీ. తల్లి నాలుగిళ్ళలో అంట్లు తోమేది. ఆమెకి పన్నెండేళ్ళున్నప్పుడు చెల్లెలు పుట్టింది, పంతొమ్మిదో ఏట తండ్రి పోయాడు. పోయే ముందు రెండేళ్ళు మంచం దిగలేదట. మణికట్ల దగ్గర చేతులు రెండూ వేలాడిపోయేవి. గ్లాసు పట్టుకోలేడు, చొక్కా గుండీ పెట్టుకోలేడు. కడుపులో నొప్పని మెలికలు తిరిగేవాడు. తాగి తాగి నరాలు చచ్చాయని వీధి వీధంతా అంది. తాగేవాడు, అది అబద్ధం కాదు. అన్నం ముద్ద నోట్లో పెడుతూ కూడా తల్లి అతన్ని తిట్టేదట. "నేనూ తిట్టాను టీచరమ్మా. పంతొమ్మిదేళ్ళ పిల్లని, నాకు ఆయన గుండీలు పెట్టడమంటే సిగ్గుగా ఉండేది," అని ఒకసారి చెప్పి, తరగడం ఆపకుండానే మాట మార్చేసింది.

పెళ్ళయింది. నాలుగో ఏట భర్త ఇంకో ఊళ్ళో ఇంకో కాపురం పెట్టుకున్నాడు. పిల్లల్లేరు. చెల్లెల్ని తనే పెంచింది, చదివించింది, పెళ్ళి చేసింది. ఆ చెల్లెలి భర్త లారీ కింద పడి పోయాక, చెల్లెలు దూరంగా ఉన్న బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపనికి చేరింది. అక్కడి హాస్టల్లో పిల్లల్ని ఉండనివ్వరు. అందుకని పాప పెద్దమ్మ దగ్గరే. నెలకోసారి వచ్చి, ఒక పగలు ఉండి, పిల్ల నిద్రపోతున్నప్పుడు చెప్పకుండా వెళ్ళిపోయేది తల్లి. చెప్పి వెళ్తే పిల్ల కాళ్ళకి చుట్టుకుంటుంది మరి.

పాపకి ముందు పళ్ళు రెండూ ఊడి, కొత్తవి పెద్దపెద్దగా వస్తున్నాయి. ఎప్పుడూ ఏదో ఒకటి కొరుకుతూ ఉండేది. అందరం ఉడత అనేవాళ్ళం.

ఒక వారం వరసగా ఐదు రోజులు కుళ్ళిన క్యాబేజీ తప్ప ఏమీ రాలేదు. శుక్రవారం మధ్యాహ్నం పెద్దమ్మ గరిట పట్టుకునే హెడ్మాస్టరు గారి గదిలోకి వెళ్ళింది. నేను అక్కడే హాజరు పట్టీ రాస్తున్నాను.

"షెడ్డు వెనక ఖాళీ జాగా నాకిచ్చేయండి సార్. కూరగాయలు వేస్తాను."

"అక్కడేం పండుతుందమ్మా? గడ్డి కూడా సరిగ్గా మొలవదు."

"గడ్డికి నాలాంటి పెద్దమ్మ లేదు కదండీ, అందుకని."

ఆయన నవ్వి సరేనన్నారు. ఆ జాగా ఎవరికీ అక్కర్లేనిది. మరుగుదొడ్లకీ ప్రహరీగోడకీ మధ్య పొడుగ్గా పడి ఉంది. పదేళ్ళ కిందట గదులు చాలక పక్క స్థలం బడిలో కలుపుకున్నప్పుడు వచ్చింది. విరిగిన బల్లలన్నీ అక్కడే పడేసేవాళ్ళు.

సోమవారం ఏడో తరగతి పిల్లలతో కలిసి బల్లలు తీయించి గడ్డపార వేసింది. మట్టి నల్లగా వచ్చింది. దానితో పాటు పగిలిన నల్లటి ప్లాస్టిక్ ముక్కలు, బూడిదరంగు గడ్డలు వచ్చాయి. చూడ్డానికి గోలీకాయంత, చేతిలోకి తీసుకుంటే బరువు. పిల్లలు వాటిని జేబుల్లో వేసుకున్నారు.

ఒక గడ్డని అరచేతిలో దొర్లిస్తూ ఆమె నా వైపు తిరిగింది. "ఇక్కడే టీచరమ్మా, మా నాన్న పనిచేసిన షెడ్డు. పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించేవాళ్ళు. అన్నం డబ్బా పట్టుకుని రోజూ వచ్చేదాన్ని. అదిగో, ఆ గోడ ఉన్నచోట కొలిమి ఉండేది. పొగకి కళ్ళు మండేవి."

"అలాగా," అన్నాను నేను.

అంతే అన్నాను. ఎనిమిదో తరగతికి లోహాల పాఠం చెప్పేది నేనే. సీసం బరువైన లోహమని, మెత్తనిదని, గోటితో గీస్తే గీత పడుతుందని బల్ల మీద చేత్తో కొట్టి మరీ వల్లె వేయించేదాన్ని. అది మట్టిలో ఉంటే ఏమవుతుందన్నది ఆ పాఠంలో లేదు. నేనూ ఆలోచించలేదు. ఆ క్షణాన్ని నేను ఎన్నిసార్లు గుర్తుచేసుకున్నానో లెక్కలేదు. ఎండ పడుతోంది, పిల్లలు కేకలు వేస్తున్నారు, ఆమె చెయ్యి చాపి ఉంది, నేను "అలాగా" అన్నాను.

మొదటిసారి వేసిన విత్తనం ఒక్కటీ మొలవలేదు. పాలకూర గింజలు మట్టిలోనే మురిగిపోయాయి. "మట్టి అలిగింది, బుజ్జగించాలి," అంది పెద్దమ్మ. ఒక మూల గొయ్యి తవ్వించి, వంటషెడ్డులో వచ్చిన తొక్కలు, కుళ్ళు, రాలిన ఆకులు అన్నీ అందులో వేసి మాగబెట్టింది. ఎక్కడెక్కడి నుంచో పేడ బస్తాలు తెప్పించింది. గోడలకి వేయగా మిగిలిన సున్నం చల్లింది. ఆరు నెలలు ఆ మట్టితోనే కాపురం చేసింది. ఏడో నెలలో ముల్లంగి మొలిచింది.

ఆ ఉదయం ప్రతి తరగతినీ వరసగా తీసుకొచ్చి చూపించింది. చూడ్డానికి ఏముంది, వేలి గోరంత ఆకులు రెండేసి. కానీ పిల్లలు ఆ మడి చుట్టూ మోకాళ్ళ మీద కూర్చుని, ఊపిరి తగిలితే ఎక్కడ వాడిపోతుందోనన్నట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూశారు.

తర్వాత రెండేళ్ళు ఆ తోట ఎలా పెరిగిందో చెప్పడం నాకిప్పుడు కష్టంగా ఉంది, ఎందుకంటే అది నిజంగానే బాగుండేది. తరగతికొక మడి. పిల్లల చెయ్యి రెండు వైపుల నుంచీ మధ్యదాకా అందేటంత వెడల్పే పెట్టింది, లోపలికి దిగి తొక్కకుండా. విరిగిన బల్లల కర్రలతో చిక్కుడుకి పందిరి వేసింది. బియ్యం కడిగిన నీళ్ళు, కూరలు కడిగిన నీళ్ళు అన్నీ కాలవ తీసి అటే మళ్ళించింది. పొద్దున్నే మడుల్లో వంగి ఆకు కోస్తున్న పిల్లలతో "వేరు పీకకండర్రా, మళ్ళీ పుట్టాలి అది," అని అరుస్తూ ఉండేది. వంకాయ పేరు చెబితే మొహం తిప్పుకునే నాలుగో తరగతి పిల్లలు, వాళ్ళ మడిలో కాసింది కాబట్టి, పోటీలు పడి వేయించుకుని తిన్నారు. కూర చిక్కబడింది. వడ్డించేటప్పుడు ఆమె తలెత్తి చూసేది.

చూడ్డానికి వేరే బడుల వాళ్ళు వచ్చారు. రైలు పట్టాల అవతల ఉన్న బడి వాళ్ళు ఒకళ్ళు, కొండ కింద బడి వాళ్ళు ఒకళ్ళు, తమకీ అలాంటి తోట వేసిపెట్టమన్నారు. శనివారాలు మధ్యాహ్నం నుంచి బస్సెక్కి వెళ్ళేది. ఒక బడిలో పీటీ మాస్టారు ఆటస్థలం పోతుందని ఒంటికాలి మీద లేచాడట. "మాస్టారూ, మీ బంతి నా మడిలో పడితే తీసిచ్చేదాన్ని నేనే, నా టమాటా మీ గోల్లో పడితే మాత్రం తిరిగివ్వాలి," అని అతన్ని నవ్వించి, గోడవార జాగా సంపాదించుకుని వచ్చింది. ఆమె జీవితంలో ఎవరైనా ఆమెని పని నేర్పమని పిలవడం అదే మొదటిసారి. బస్సు దిగి సందులో నడిచి వచ్చేటప్పుడు చీర కుచ్చిళ్ళకి అంటిన మట్టిని దులుపుకునేది కాదు.

ఉడత మూడో తరగతికి వచ్చిన ఏడు అది మారిపోవడం మొదలైంది.

మొదట కడుపునొప్పి అనేది. బడి ఎగ్గొట్టడానికని అనుకున్నాం. తర్వాత చిరాకు. పక్క పిల్లల్ని కొరకడం, పుస్తకం విసిరేయడం. గడగడా అప్పజెప్పే ఎక్కాలు మధ్యలో ఆగిపోయేవి. ఆరు దగ్గర నిలబడి, తర్వాత ఏముంటుందన్నట్టు నా మొహంలోకి చూసేది. పెదాలు పాలిపోయాయి. మడి దగ్గర కూర్చుని మట్టి నోట్లో వేసుకుంటుంటే ఆయా చూసి రెండు దెబ్బలు వేసింది.

"రక్తం తక్కువైంది దీనికి," అంది పెద్దమ్మ. "ఆకుకూర తింటే పడుతుంది." అందరికీ వడ్డించాక ఉడత కోసం విడిగా ఒక గిన్నెలో పాలకూర తీసి ఉంచేది. ముల్లంగి పీకి, కొంగుతో తుడిచి, ఆకు తుంచి చేతికిచ్చేది. నా ఎదురుగానే ఇచ్చేది. పిల్ల ఆ అరుగు మీద కూర్చుని ఆ పెద్ద పళ్ళతో కరకరా నమిలేది. నేను ముచ్చటపడి చూసేదాన్ని.

ఒక ఉదయం వరసలో నిలబడి ఉండగా పడిపోయింది. కళ్ళు పైకి తేలిపోయి, కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయి. వంటషెడ్డులోంచి పెద్దమ్మ పరిగెత్తుకొచ్చిన తీరు నాకింకా కళ్ళకి కట్టినట్టుంది. చేతికి పిండి, కాళ్ళకి చెప్పుల్లేవు. ఆటోలో నేనూ ఎక్కాను.

పెద్దాసుపత్రిలో పిల్లల డాక్టరమ్మ చిన్నవయసామె. ఓపిగ్గా అడిగింది. ఇంటి గోడలకి పాత రంగులు పెచ్చులూడుతున్నాయా? నీళ్ళెక్కణ్ణుంచి? ఏమేం తింటుంది? రక్తం తీసి బయట ల్యాబుకి పంపింది. నాలుగు రోజులకి రిపోర్టు వచ్చింది. దాన్ని చూస్తూ అడిగింది:

"మీ ఇంట్లో ఎవరైనా బ్యాటరీల పని చేస్తారా?"

"మా నాన్న చేసేవాడమ్మా. పోయి ఇరవై ఏడేళ్ళయింది."

"ఎలా పోయారు?"

పెద్దమ్మకి ఆ ప్రశ్న ఎందుకో అర్థం కాలేదు. "తాగుడు. కడుపునొప్పి. చేతులు పడిపోయాయి." తన రెండు చేతులూ ముందుకి చాపి, మణికట్ల దగ్గర వదిలేసి చూపించింది. "ఇదిగో, ఇలా."

డాక్టరమ్మ ఆ వేలాడుతున్న చేతుల వైపు కాసేపు చూసింది. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని, చాలా మెల్లగా చెప్పింది. "పిల్ల రక్తంలో సీసం ఉంది. ఉండకూడనంత ఉంది. సీసం పొగ ఏళ్ళ తరబడి పీల్చినవాళ్ళకి చేతులు అలాగే పడిపోతాయి, కడుపులో అలాగే మెలిపెడుతుంది. మీ నాన్నగారిని చూడకుండా నేను ఖాయంగా చెప్పలేను గానీ, అది తాగుడు వల్ల కాకపోవచ్చు. ఇప్పుడు చెప్పండి, ఈ పాపకి అది ఎక్కడి నుంచి వచ్చి ఉంటుంది?"

పెద్దమ్మ నావైపు చూసింది. నేను ఆమెవైపు చూశాను. మా ఇద్దరికీ ఒకేసారి తెలిసింది.

బయటికొచ్చి ఆసుపత్రి మెట్ల మీద కూర్చుండిపోయింది. జనం ఆమెని దాటుకుని ఎక్కుతున్నారు, దిగుతున్నారు. ఏడవలేదు. కింద మెట్టు వైపు చూస్తూ అంది:

"మా అమ్మ పోయేటప్పుడు కూడా ఆయన్ని తిడుతూనే పోయింది టీచరమ్మా. నా బతుకు నాశనం చేశాడని. కాదని ఇప్పుడెవరికి చెప్పను?"

నేను ఆమె పక్కన మెట్టు మీద కూర్చున్నాను.

"ఆయన వద్దు రావద్దు అనేవాడు. అన్నం డబ్బా గేటు దగ్గర పెట్టి పో, లోపలికి రాకు అని అరిచేవాడు. తాగిన మనిషి కదా, అలాగే అరుస్తాడనుకునేదాన్ని." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పిల్లకి ముల్లంగి నేను కొంగుతో తుడిచి ఇచ్చాను."

ఆ సాయంత్రమే హెడ్మాస్టరు గారికి చెప్పాం. ఆయన పైవాళ్ళకి రాశారు. మట్టి తీసుకెళ్ళారు, ఆకులు తీసుకెళ్ళారు, పిల్లలందరికీ సూది గుచ్చి రక్తం తీశారు. ఇంకో పదకొండు మందికి ఎక్కువున్నట్టు తేలింది. ఉడతకున్నంత ఎవరికీ లేదు. తోట గేటుకి తాళం పడింది. చిక్కుళ్ళు పందిరి మీదే ముదిరి, ఎండి, పగిలి గింజలు రాలాయి.

తల్లిదండ్రులు బడి మీదకొచ్చారు. రావాల్సిందే, వాళ్ళ తప్పేముంది? కిందటేడు తన కొడుకు వంకాయ తింటున్నాడని పెద్దమ్మకి దణ్ణం పెట్టిన తల్లే, ఇప్పుడు షెడ్డు ముందు నిలబడి, "మా పిల్లలే దొరికారా నీకు?" అని గొంతు చించుకుంది. పెద్దమ్మ షెడ్డులో నిలబడి అన్నీ విన్నది. తలుపు వేసుకోమని నేను చెబితే వేసుకోలేదు.

విచారణకి ముగ్గురు అధికారులు వచ్చారు. హెడ్మాస్టరు గారి గదిలో కూర్చున్నారు. టీచర్లం గోడవార కుర్చీల్లో ఉన్నాం. పెద్దమ్మని నిలబెట్టే అడిగారు.

"ఆ స్థలంలో ఇంతకుముందు ఏముండేదో నీకు తెలుసా?"

"తెలుసండీ. బ్యాటరీల షెడ్డు."

తెలియదంటుందనే అందరూ అనుకున్నారు. హెడ్మాస్టరు గారు కళ్ళు మూసుకున్నారు.

"తెలిసే తోట వేశావా?"

"షెడ్డుందని తెలుసు. మట్టికి ఇలా ఉంటుందని తెలీదండీ."

"షెడ్డు సంగతి ఎవరికైనా చెప్పావా? ఇక్కడి టీచర్లకి ఎవరికైనా?"

ఆమె నావైపు తిరిగింది. ఒక్క క్షణమే. నేను ఒళ్ళో ఉన్న నా చేతుల వైపు చూసుకున్నాను. నాకు ఇద్దరు పిల్లలు. నా ఉద్యోగం ఖాయమై అప్పటికి ఆరు నెలలు. ఇవన్నీ ఆ క్షణంలో అనుకున్నానో, తర్వాత సర్దిచెప్పుకోవడానికి వెతుక్కుని తెచ్చుకున్నానో నాకు తెలియదు. ఆమె మళ్ళీ వాళ్ళ వైపు తిరిగింది.

"లేదండీ. ఎవరికీ చెప్పలేదు."

రాసుకున్నారు. వేలిముద్ర వేయమంటే, సంతకం వచ్చని చెప్పి, మెల్లగా అక్షరాలు కూడబలుక్కుంటూ సంతకం పెట్టింది.

ఆదివారం చెల్లెలు వచ్చింది. పెద్దమ్మ ఇల్లంటే ఒక్కటే గది, మంచం, పొయ్యి గట్టు, కిటికీలో పాప పలక. నేను మందులు తీసుకుని వెళ్ళేసరికి చెల్లెలు గుమ్మంలోనే నిలబడి ఉంది. సంచీ సర్దేసింది. పిల్ల మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది.

"నిన్ను నమ్మి వదిలానక్కా," అంటోంది. "నా పిల్లని నీ చేతుల్లో పెట్టి, అక్కడ మిషన్ తొక్కుకుంటూ, మా అక్క దగ్గరుందిలే అని నిశ్చింతగా ఉన్నాను. ఏం పెట్టావు దానికి?"

పెద్దమ్మ నా చేతిలోని మందులు తీసుకుని ఆ సంచీలో పెట్టింది.

"తిట్టవేం? నన్నెప్పుడూ తిట్టేదానివిగా! చెప్పు, నా తప్పేననైనా చెప్పు!"

"నీ తప్పు కాదే."

"హాస్టల్లో ఉండనివ్వకపోతే బయట గది తీసుకుంటాను. దీన్ని మాత్రం ఇక్కడ ఉంచను."

"తీసుకెళ్ళు," అంది పెద్దమ్మ. "మందులు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. పాలు ఇవ్వు. చేతులు కడుక్కోకుండా ఏదీ నోట్లో పెట్టుకోనివ్వకు." పాప జుట్టు దువ్వి, రెండు జడలు వేసి, చెప్పుల పట్టీలు పెట్టింది. బస్టాండుకి మాత్రం వెళ్ళలేదు. నేనే వెళ్ళి ఎక్కించాను. బస్సు కదిలేటప్పుడు ఉడత నన్నడిగింది: "పెద్దమ్మ రాదా?" రాదని చెప్పాను.

నెల తిరక్కుండానే పెద్దమ్మని పనిలోంచి తీసేశారు. తాళాలు, గరిటలు, పెద్ద గిన్నెలు ఆరూ లెక్కప్పజెప్పి, గిన్నెల అడుగున మసి ఉందని మళ్ళీ కూర్చుని తోమి మరీ వెళ్ళింది. ఆ రోజు నేను గేటు దాకా వెంట నడిచాను. అడక్కుండా ఉండలేకపోయాను.

"ఎందుకలా చెప్పావు పెద్దమ్మా? నాకు చెప్పావుగా నువ్వు."

"చెప్తే మాత్రం ఏమయ్యేది? ఒకళ్ళు పోవాల్సిన చోట ఇద్దరం పోయేవాళ్ళం." నాలుగడుగులు వేసి ఆగింది. ఆమె ముక్కుసూటి మనిషి, దాచుకోలేదు. "మీరు నోరు తెరుస్తారేమోనని చూశాను టీచరమ్మా. తెరవలేదు. సరేలే అనుకున్నాను."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది.

రెండు వారాలు గడిచాయి. చివరికి జరిగింది జరిగినట్టు కాగితం మీద పెట్టి పై ఆఫీసుకి పట్టుకెళ్ళాను. అక్కడి ఆయన చదివి, మడిచి నాకే తిరిగి ఇచ్చాడు. "ఫైలు మూసేశామమ్మా. ఇప్పుడిది ఇచ్చి మీరు సాధించేదేముంది? ఆవిడే ఒప్పుకుంది కదా." నేను ఆ కాగితం బల్ల మీద పెట్టి వచ్చి ఉండొచ్చు. పెట్టలేదు. సంచీలో వేసుకుని వచ్చేశాను. నా ధైర్యం అంతవరకే.

మాస్కులు వేసుకున్న మనుషులొచ్చి తోట మట్టిని నడుములోతు తవ్వి, టార్పాలిన్లు కప్పిన లారీల్లో ఎక్కడికో తీసుకుపోయారు. ఆ జాగాలో కాంక్రీటు పోశారు. ఇప్పుడు అక్కడ టీచర్ల స్కూటర్లు పెడతారు. నాది మాత్రం రోడ్డు మీదే ఆపుతాను. కూరగాయల బస్తాలు మళ్ళీ బయటి నుంచే వస్తున్నాయి. కూర మళ్ళీ పలచబడింది.

ఈ కబురు విని రైలు పట్టాల అవతలి బడివాళ్ళు ఏ పరీక్షా చేయించకుండానే తమ తోటని దున్నించేశారు. కొండ కింద బడిలో మాత్రం ఆ పీటీ మాస్టారే అడ్డం పడ్డాడట, పరీక్ష చేయించందే ఒక్క మొక్క కూడా పీకనివ్వనని. చేయిస్తే అక్కడి మట్టిలో ఏమీ లేదని వచ్చింది. ఆ తోట నిలిచింది.

పెద్దమ్మ ఇప్పుడొక ఆఫీసు క్యాంటీన్లో గిన్నెలు తోముతోంది. వండదు. వండమని అడిగారట, చేతకాదని చెప్పింది. ఆమె రక్తంలోనూ సీసం ఉందని డాక్టరమ్మ చెప్పింది. మందులిస్తే కొన్నాళ్ళు వాడి మానేసింది. ఉడత ఐదో తరగతి. మూర్ఛ మళ్ళీ రాలేదు, కడుపునొప్పి తగ్గింది, లెక్కలు మాత్రం రావడం లేదట. చెల్లెలు మొదట ఫోనే ఎత్తేది కాదు. ఇప్పుడు ఎత్తి, పిల్ల ఎలా ఉందో రెండు ముక్కలు చెప్పి పెట్టేస్తుంది. పాపకి ఇవ్వమని పెద్దమ్మ అడగదు.

మొన్న వేసవికి ముందు పీటీ మాస్టారు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. "ఆవిణ్ణి ఒక్కసారి తీసుకురండి మేడం. చిక్కుడు పూత రాలిపోతోంది, ఎందుకో మాకెవరికీ తెలియట్లేదు." నాలుగుసార్లు అడిగితే ఐదోసారి ఒప్పుకుంది. శనివారం ఇద్దరం బస్సులో వెళ్ళాం. దారి పొడుగునా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

తోట గట్టు దగ్గర ఆగిపోయింది. పిల్లలు లోపలికి రమ్మని చెయ్యి పట్టుకోబోతే చేతులు వెనక్కి పెట్టుకుంది. అక్కణ్ణుంచే చూసి చెప్పింది. "మొక్కలు బాగా దగ్గరగా పెట్టారు. గాలాడట్లేదు. ఒకటి విడిచి ఒకటి తీసేయండి. నీళ్ళు మొదట్లో పోయండి, పూత మీద కాదు." మాస్టారు రాసుకున్నాడు. పిల్లలు అప్పటికప్పుడే పీకడం మొదలుపెట్టారు.

ఆమె మాస్టారుని మట్టి పరీక్ష కాగితం అడిగింది. ఆయన ఆఫీసు గదిలోంచి తెచ్చి ఇస్తే, అది నా చేతికి ఇచ్చింది.

"చదవండి టీచరమ్మా."

చదివాను. ఏ లోహం ఎంత ఉందో, ఎంత ఉండవచ్చో, పక్కపక్కన ఉన్నాయి. అన్నీ ఉండవచ్చన్న దానికన్నా తక్కువే ఉన్నాయని చెప్పాను.

"ఇంకోసారి."

మళ్ళీ చదివాను. సీసం దగ్గర వేలు పెట్టి చూపించాను. ఆమె కాగితం తీసుకుని, ఆ అంకె మీద తనూ వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చదువుకుంది. మడిచి మాస్టారుకి ఇచ్చేసింది.

వెళ్ళేటప్పుడు ఒక పాప ఒక సంచీలో టమాటాలు పోసి తెచ్చి ఇవ్వబోయింది. "మీ ఇంటికి తీసుకెళ్ళమ్మా," అంది పెద్దమ్మ. "కడుక్కుని తినండి." నడుస్తూనే అంది ఆ మాట. బస్సు వచ్చేదాకా మేమిద్దరం స్టాపులో నిలబడ్డాం. వచ్చే వారం మళ్ళీ వద్దామా అని అడిగాను. క్యాంటీన్లో సెలవు దొరకదంది. ఆ తర్వాత కూడా రెండుసార్లు అడిగాను. అప్పుడూ అదే చెప్పింది.